రెండో జామీను

దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి. చెరో వైపు కొసలు పట్టుకుని ఒక్కసారి గట్టిగా దులపాలి. ఆ తర్వాత దగ్గరికొచ్చి, కొసలు ఒకరి చేతికి అప్పగించి, కింద వేలాడుతున్న మడతను రెండోవాళ్ళు అందుకుని మళ్ళీ వెనక్కి జరగాలి. ఆసుపత్రి లాండ్రీలో ఈ పని మాటల అవసరం లేకుండానే సాగిపోతుంది. ఇస్త్రీ రోలరు లోంచి దుప్పటి పొగలు కక్కుతూ బయటికొస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారమంతా వేళ్ళు ఊదుకుంటూ గెంతుతుంటారు. పాతవాళ్ళు గెంతరు గానీ వాళ్ళూ కొసలను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూనే ఉంటారు.

ఆమె మార్చుకోవడం లేదు. దుప్పటి ఎలా చేతికొస్తే అలాగే పట్టుకుని నిలబడుతోంది.

"చేతులు కాలటం లేదా నీకు?" అంది అవతలి కొస పట్టుకున్న పెద్దక్క.

ఆమె అరచేతులు చూసుకుంది. ఎర్రగా కమిలి ఉన్నాయి. లేదని చెప్పింది. అబద్ధం కాదు, నిజంగానే ఆమెకు తెలియడం లేదు. భర్త పోయినప్పటి నుంచి కూరలో ఉప్పు పడిందో లేదో కూడా అత్తగారు చెబితేనే తెలుస్తోంది.

పెద్దక్క ఎవరికీ అక్క కాదు. లాండ్రీలో అందరికన్నా ముందు చేరింది, అందరికన్నా గొంతు పెద్దది, అందుకే ఆ పేరు. ఆమె నోటికి జడిసి మెషీన్లు కూడా సరిగ్గా తిరుగుతాయని కుర్రవాళ్ళు నవ్వుకుంటారు. ఆమె భర్త, అంబులెన్సు డ్రైవరు, బండి ఆపిన చోటనే స్టీరింగు మీద తల వాల్చి పోయిన రోజున, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, అత్తాకోడళ్ళిద్దరికీ కసిరి మరీ అన్నం పెట్టింది ఆవిడే.

"భోజనాల వేళ సొసైటీ కెళ్ళు. మీ ఆయన పొదుపు ఎంతుందో అడిగి తెచ్చుకో. రేపు రేపంటే ఆ కిటికీ మూసేస్తారు," అని పెద్దక్క మూడు రోజులుగా పోరుతోంది. ఆవేళ ఆమె ట్రాలీ గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని వెళ్ళింది.

సొసైటీ అంటే ఆసుపత్రి ఉద్యోగుల పొదుపు, పరపతి సంఘం. స్టోర్స్ పక్కన రెండు గదులు. జీతంలోంచి నెలనెలా కొంత విరిగి అక్కడ పొదుపుగా పడుతుంది, కావలసినవాళ్ళకి అక్కడి నుంచే అప్పు దొరుకుతుంది. లోపలికి అడుగు పెట్టగానే అద్దాల బీరువా, అందులో షీల్డు. ఉత్తమ సంఘం అని చెక్కి ఉంటుంది. మొండి బాకీ ఒక్క రూపాయి కూడా లేని సంఘం కాబట్టి ఏటా వరసగా ఇస్తున్నారు. షీల్డు మీద దుమ్ము తుడవడానికి ఒక మనిషి ఉన్నాడు. కిటికీ దగ్గర డబ్బు ఇవ్వడానికి మాత్రం గుమాస్తా ఒక్కడే.

ఆమె ముందు రిటైరైన వంటమనిషి ఉన్నాడు. పనిలో ఉన్నంతకాలం ఆసుపత్రి మొత్తానికీ గంటె తిప్పినవాడు. తన పొదుపు తను తీసుకుపోవడానికి వచ్చాడు.

"వచ్చే వారం," అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

"పోయిన వారం కూడా వచ్చే వారమే అన్నావు బాబూ."

"అవును. ఇప్పుడూ అదే అంటున్నాను."

అందులో వెటకారం లేదు. అలవాటైపోయిన గొంతు, అంతే. వంటమనిషి కాసేపు కమ్మీలు పట్టుకుని నిలబడి, తర్వాత పక్కకు తప్పుకున్నాడు. ఆమెను చూశాక గుమాస్తా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. డ్రైవరు గారి పొదుపు పైసాతో సహా భద్రంగా ఉందన్నాడు. అయితే ఇప్పుడు ఇవ్వడానికి లేదన్నాడు. సంఘం ప్రెసిడెంటు గారు తీసుకున్న అప్పుకి డ్రైవరు గారు జామీను ఉన్నారు. ఆ అప్పు తీరేదాకా జామీను ఉన్నవాళ్ళ పొదుపు కదపకూడదని నిబంధన.

"ఎప్పుడు తీరుతుందండీ అది?"

గుమాస్తా కొంచెంసేపు ఆలోచించాడు. "ప్రతి ఏడూ తీరుతుందమ్మా. లెక్కలు మూసే రోజున ప్రెసిడెంటు గారు పాత అప్పు కట్టేస్తారు. అదే రోజు కొత్త అప్పు తీసుకుంటారు. తిరగరాయడం అంటాం. డబ్బు ఈ బల్ల మీదికి రాదు, బల్ల మీంచి పోదు. కాయితాలు మాత్రమే అటూ ఇటూ జరుగుతాయి."

ఆమె తల ఊపింది. కోపం రావలసిన చోటు ఇదేనని అర్థమైంది గానీ కోపం రాలేదు. శనివారం జనరల్ బాడీ ఉందనీ, లెక్కలు మూసేదీ ఆ రోజేననీ, దానికి ముందే ప్రెసిడెంటు గారు పిలిపించి మాట్లాడతారనీ గుమాస్తా చెప్పాడు. ఆమె సరేనని లాండ్రీకి తిరిగొచ్చింది. దారిలో ఎక్స్‌రే గది ముందు స్ట్రెచర్ అడ్డంగా ఉంటే, అది పక్కకు జరిగేదాకా అలాగే నిలబడింది.

ఇంటి తలుపుకి అంటించిన నోటీసు ఇంకా అక్కడే ఉంది. క్వార్టర్సు డ్రైవరు పేరు మీద ఉన్నాయి. లాండ్రీ వాళ్ళకి క్వార్టర్సు వర్తించవు. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. ఆ కాయితాన్ని అత్తగారు రోజూ తలుపుతో పాటు తుడుస్తోంది. అదేమిటో చెప్పినా ఆవిడకి వినబడలేదో, వినబడి ఊరుకుందో తెలియదు. ఆవిడ చెవులకి ఏం కావాలో అదే వినబడుతుందని కొడుకు ఉన్నప్పుడు వేళాకోళమాడేవాడు.

మర్నాడు డ్యూటీ దిగాక అత్తాకోడళ్ళిద్దరూ గదులు చూడ్డానికి వెళ్ళారు. సైకిలు షాపు వెనక రెండు గదులు, మధ్యలో తలుపు లేదు. కొళాయి వాకిట్లో ఉంది. గోడకి సున్నం వేసి ఎన్నాళ్ళయిందో గానీ గాలి బాగానే వస్తోంది. అత్తగారు వెళ్ళీ వెళ్ళగానే కొళాయి తిప్పి, ధార ఎంత లావుందో చూసి, వేలు పెట్టి ఆపి, మళ్ళీ వదిలింది. తర్వాత గుమ్మం మీద కూర్చుని రెండు అరచేతులూ గచ్చు మీద ఆనించింది. ఆవిడకి నచ్చిందంటే అలాగే కూర్చుంటుంది.

ఇల్లుగలావిడ చెడ్డ మనిషేం కాదు. అడ్వాన్సు ఆదివారంలోపల ఇస్తే సోమవారం తాళాలు ఇస్తానంది. ఇంకొకళ్ళు కూడా అడిగి వెళ్ళారట, కానీ ఆడవాళ్ళున్న ఇల్లైతే తనకీ తోడుగా ఉంటుందట. మీ ఇంటాయన ఏం చేస్తుంటాడని అడిగింది.

"మా వాడు అంబులెన్సు నడుపుతాడమ్మా. వేళాపాళా ఉండదు," అంది అత్తగారు.

ఆమె దాన్ని సరిదిద్దలేదు. అడ్వాన్సు ఆదివారం తెస్తానని చెప్పింది. ఎక్కణ్ణుంచి తెస్తుందో ఆమెకు తెలుసు. ఒక్కచోటే ఉంది, సొసైటీలో. ఆమె సొంత పొదుపు మీద అత్తగారి కళ్ళ ఆపరేషనుకి తీసిన అప్పు ఇంకా తీరనేలేదు.

ఇంటికొచ్చాక చెంబుతో కాళ్ళు కడుక్కుంటూ ఉంటే భర్త గుర్తొచ్చాడు. ఏటా లెక్కలు మూసే రోజున ఇదే గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ, ప్రెసిడెంటు గారి జామీను మీద సంతకం పెట్టొచ్చాననీ, ఇదే ఆఖరనీ చెప్పేవాడు. ప్రెసిడెంటు అంబులెన్సు షెడ్డుకి స్వయంగా వచ్చి, బానెట్ మీద కాయితం పరిచి, తన పెన్నే ఇచ్చేవాడట. పోయినేడూ అదే మాట అన్నావురా అనేది అత్తగారు. సంతకమే కదమ్మా, కిడ్నీ అయితే కాదు కదా అని నవ్వేవాడు. చెంబు ఖాళీ అయినా ఆమె అలాగే వంచి పట్టుకుని ఉంది.

గురువారం ప్రెసిడెంటు కబురు పంపాడు. ఆయన అసలు ఉద్యోగం స్టోర్స్ సూపరింటెండెంటు. దూది, గాజుగుడ్డ, ఫినాయిలు, దుప్పట్లు, ఏది కావాలన్నా ఆయన సంతకం పడాలి. లాండ్రీ వాళ్ళు ఆ గదిలోకి సబ్బు కోసం వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గరే నిలబడతారు. ఈసారి ఆయన లేచి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చుంది.

మంచిగానే మాట్లాడాడు. డ్రైవరుని తలుచుకున్నప్పుడు గొంతు కూడా బొంగురుపోయింది, అది దొంగ దుఃఖమని చెప్పడానికి లేదు. ఆ తర్వాత విషయంలోకి వచ్చాడు. కమిటీ మెంబర్ల అప్పు తిరగరాయాలంటే జామీను ఉన్న ఇద్దరూ జనరల్ బాడీలో అందరి ముందూ నిలబడి ఒప్పుకోవాలి. మొదటి జామీను లాండ్రీ పెద్దక్క. ఆవిడ కాయితం అప్పుడే వచ్చేసింది. రెండో జామీను డ్రైవరు. ఇప్పుడు ఆ స్థానంలో ఎవరో ఒకరు రావాలి. డ్రైవరు భార్య అయితే ఇంటి మనిషి.

"ఇది నా అవసరం కాదు చెల్లెమ్మా, సంఘం అవసరం. శనివారం నాడు ఈ అప్పు తిరగరాయకపోతే బాకీ పడ్డట్టు రాస్తారు. కమిటీలో ఒక్కళ్ళ బాకీ కనబడినా డివిడెండు పంచకూడదు. ఆసుపత్రి అంతా దానికోసమే కాచుకుని ఉంది. పిల్లల ఫీజులు కట్టాలి ఒక్కొక్కళ్ళు."

"మీరు కట్టెయ్యకూడదాండీ?" అంది ఆమె. ఎత్తిపొడవాలని కాదు. నోటికి వచ్చింది, అడిగింది.

ఆయన నొచ్చుకోలేదు. ఆ డబ్బుతో లారీ కొన్నాడు, అది నడవలేదు, అది వేరే కథ. కట్టకుండా పోతానా అన్నాడు. అప్పుడు అసలు మాట చెప్పాడు. ఆమె జామీనుకి ఒప్పుకుంటే చాలు, డ్రైవరు పేరు దాంట్లోంచి పోతుంది. పేరు పోయిందంటే పొదుపు విడుదలైనట్టే. శనివారం మీటింగు అయిన మరుక్షణం చేతిలో పెట్టిస్తానన్నాడు. కిటికీ దగ్గర ఎవరెవరు వరసలో ఉన్నా ఆమెకే ముందు.

ఆమె సరేనంది. ఆయన పెన్ను తీయబోయి, హాల్లో అందరి ముందే పెడుదువు గానిలే అని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు లాండ్రీకి సబ్బు సరిపోతోందా అని అడిగాడు. సరిపోవడం లేదని చెప్పింది. రెండు పెట్టెలు అదనంగా రాయించాడు.

ఆ పెట్టెలు చూడగానే పెద్దక్కకి సంగతి అర్థమైపోయింది. రోలరు అవతల నిలబడి, అందరికీ వినబడే గొంతుతోనే మాట్లాడే మనిషి, ఆవేళ దుప్పటి కొసలు కలిపే నెపంతో దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక్కో మాట చెప్పి వెనక్కి జరిగింది.

"ఒప్పుకున్నావు కదా? మంచి పని చేశావు."

దుప్పటి మడత పడింది. ఇంకోటి వచ్చింది.

"నువ్వు కాదంటే అంతా నా మీదే పడేది. మా అమ్మాయి కాన్పప్పుడు అప్పడిగితే సాయంత్రానికల్లా ఇప్పించాడాయన. అలాంటి మనిషి వచ్చి సంతకం అడిగితే లేదని ఎలా అనను?"

ఇంకోటి వచ్చింది.

"ఆయన కట్టడని నాకూ తెలుసులే. తిరగరాసినన్నాళ్ళూ ఎవరూ కట్టక్కర్లేదుగా."

ఆమె దుప్పట్లు దొంతర పెట్టి వార్డు నంబరు చీటీ గుచ్చింది. నిబంధన అర్థమైంది, లెక్క అర్థమైంది, తన వంతేమిటో అర్థమైంది. శనివారం సంతకం, ఆదివారం అడ్వాన్సు, సోమవారం తాళాలు. అందులో ఆలోచించవలసింది ఏమీ లేదు. ఆలోచించక్కర్లేకపోవడమే హాయిగా ఉంది.

శుక్రవారం సొసైటీ ముందు వ్యాను ఆగింది. జనరల్ బాడీకి వచ్చినవాళ్ళందరికీ ఏటా ఒక కానుక ఇస్తారు. ఈసారి మూత ఉన్న స్టీలు డబ్బా, మూత మీద సంఘం పేరు. అట్టపెట్టెలు దింపి లోపలికి మోస్తున్నవాళ్ళలో రిటైరైన వంటమనిషి ఉన్నాడు. రోజూ ఎలాగూ వస్తున్నాడు కదా, ఓ చెయ్యి వెయ్యమని ఎవరో అన్నారట. ఆమెను చూసి పెట్టె దించి, నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. చంకలో తన వంతు డబ్బా అప్పటికే ఉంది.

"పొదుపేమో వచ్చే వారమట. ఇది మాత్రం ముందే ఇచ్చారు," అని మూత తీసి లోపలికి చూపించాడు. ఖాళీగా, తళతళలాడుతూ ఉంది. ఆయన నవ్వాడు, ఆమె కూడా నవ్వాలి కాబట్టి నవ్వింది. ఆయన మోకాళ్ళు నొక్కుకుని మళ్ళీ పెట్టె ఎత్తుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం నర్సుల క్లాసుగదిలో జనరల్ బాడీ మొదలైంది. గుమ్మం దగ్గర సంతకం పెట్టిన ప్రతివాళ్ళకీ డబ్బా చేతికిచ్చారు. గదంతా మూతల చప్పుడు. గోడ మీద ఎముకల పటం, దాని కింద బల్ల, బల్ల మీద షీల్డు. బీరువాలోంచి ఆ ఒక్కరోజుకి బయటికి తెస్తారు. ఆమె పెద్దక్క పక్కన కూర్చుంది. లాండ్రీ, వంటగది, ల్యాబు, డ్రైవర్లు, ఎవరి గుంపు వాళ్ళదే అయినా డివిడెండు ఎంత శాతమో అన్న గుసగుస మాత్రం అందరిదీ ఒకటే.

ముందుగా ఈ ఏడాది పోయిన సభ్యులకి మౌనం పాటించమన్నారు. గుమాస్తా పేర్లు చదివాడు. మొదటిది ఆమె భర్తది. అందరూ లేచారు. డబ్బాలు ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డారు. ఎవరి చేతిలోంచో ఒక మూత జారి గచ్చు మీద పడి గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. అది ఆగేదాకా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత కూర్చోమన్నారు.

నివేదిక చదివారు. పొదుపు పెరిగింది, అప్పులు పెరిగాయి, మొండి బాకీ లేనే లేదు. చప్పట్లు కొట్టారు. ఆమోదమా అంటే చేతులెత్తారు. ఆమె కూడా ఎత్తింది. ఈ గదిలో ఎవరైనా చెయ్యి దించి ఉంచడం ఆమె ఎన్నడూ చూడలేదు. కమిటీ మెంబర్ల అప్పుల దగ్గరికొచ్చేసరికి ప్రెసిడెంటు మర్యాదగా పక్క కుర్చీలోకి జరిగాడు. గుమాస్తా కాయితం తీశాడు. మొదటి జామీను అని పిలిచాడు. పెద్దక్క లేచి, ఉన్నానండీ అని కూర్చుంది.

"రెండో జామీను," అని గుమాస్తా ఆమె భర్త పేరు చదివేశాడు.

పోయినేటి కాయితమే అది. చదివాక తెలిసింది ఆయనకి. కళ్ళజోడు సవరించుకుని, వారి స్థానంలో వారి భార్య అని తడబడుతూ అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఇందాక మౌనంగా నిలబడింది ఆ పేరుకే అన్న సంగతి కూడా ఎవరికీ తట్టినట్టు లేదు. ఆమె లేచి నిలబడింది.

"జామీను ఉంటున్నారా అమ్మా?"

ఉన్నానండీ అనాలి. పెద్దక్క అన్నట్టు అంటే సరిపోతుంది. ఆమె నోరు తెరిచింది. గుమ్మంలో చెంబు నీళ్ళు, తడిసిన పంట్లాం అంచులు, ఆ మాట, అవన్నీ ఏ ఆలోచనా లేకుండా నోట్లోకి వచ్చి నిలబడ్డాయి.

"ఆయన పోయినేడే ఆఖరన్నాడండీ."

గుమాస్తా అర్థం కానట్టు చూశాడు. మీరు ఉంటున్నారా అని మళ్ళీ అడిగాడు.

"ఉండను," అంది.

గొంతు పెద్దదేం కాదు. అయినా మూతల చప్పుడు ఆగిపోయింది. పెద్దక్క కొంగు పట్టుకుని కిందికి లాగింది. ఆమె కూర్చోలేదు. కూర్చోకూడదని కాదు, ఎవరూ కూర్చోమని అనలేదు. ముందు వరసలోంచి ల్యాబు అతను వెనక్కి తిరిగి, పెట్టెయ్యమ్మా, సంతకమే కదా అన్నాడు. నర్సుల్లో ఒకావిడ నెమ్మదిగా, అందరి డివిడెండూ ఆగిపోతుంది చూడు అంది. వడ్రంగి కొంచెం గట్టిగానే, మీ ఆయన ఇన్నేళ్ళూ పెట్టలేదా అన్నాడు. వెనకనుంచి సంతకమే కదా, సంతకమే కదా అని ఆ మాట నాలుగైదు నోళ్ళు తిరిగింది. ఆమెకి ఆ గొంతులన్నీ తెలుసు. ఆ మనుషులందరూ ఆయన పోయిన రోజు ఇంటికి వచ్చినవాళ్ళే.

ప్రెసిడెంటు లేచి చెయ్యి ఎత్తాడు. మొహాన చిరునవ్వు చెదరలేదు.

"బలవంతం లేదు. ఆవిడ బాధలో ఉంది, మనమే అర్థం చేసుకోవాలి. ఆవిడ బదులు మీలో ఎవరైనా ఒకరు నిలబడండి. సంతకమే కదా."

చాలా మామూలుగా అన్నాడు. అన్నాక గది వైపు చూశాడు.

ఫ్యాను తిరుగుతోంది. ల్యాబు అతను ముందుకి తిరిగి షీల్డు వైపు చూడసాగాడు. నర్సు తన డబ్బా మూత తీసి, పెట్టి, తీసింది. ప్రెసిడెంటు చూపు వరస వెంట వరస వెళ్తోంది, అది ఎక్కడికి వెళ్తే అక్కడ తలలు కొంచెం కిందికి దిగుతున్నాయి. వడ్రంగి కాలి చెప్పు సరిచేసుకున్నాడు. పక్కనున్న వైస్ ప్రెసిడెంటు తన జామీను పరిమితి ఎప్పుడో నిండిపోయిందని అడక్కుండానే చెప్పాడు. అంబులెన్సు షెడ్డు గుంపులో ఎవరో దగ్గారు.

ఆమె నిలబడే ఉంది కాబట్టి ఆమెకు అందరూ కనబడుతున్నారు. ఇంతమందిలో ఒక్క చెయ్యి లేవలేదు. ప్రెసిడెంటు కట్టడని ఆమెకొక్కదానికే కాదు, గుమాస్తాకే కాదు, ఈ గదిలో ప్రతివాళ్ళకీ తెలుసు. చప్పట్లు కొట్టినప్పుడూ తెలుసు. ఇంకా ఎంతసేపు అలా ఉన్నారో గానీ, ప్రెసిడెంటు మొహం మీది నవ్వు ఎప్పుడు పోయిందో ఆమె గమనించలేదు. చూసేసరికి లేదు. ముసలివాడైనట్టున్నాడు.

"తిరగరాయలేదు కాబట్టి బాకీ పడినట్టు నమోదు చేస్తున్నాను," అన్నాడు గుమాస్తా, కిటికీ వెనక నుంచి వచ్చే గొంతుతోనే. "కమిటీలో బాకీ ఉంది కాబట్టి డివిడెండు నిబంధన ప్రకారం ఆగుతుంది." రాసుకుని కలం మూత పెట్టాడు.

జనం లేచారు. ఆమె పక్కనుంచి వెళ్తున్నప్పుడు ఒక్కొక్కళ్ళూ డబ్బాను అవతలి చంకలోకి మార్చుకున్నారు. పెద్దక్క ఎప్పుడు వెళ్ళిందో కుర్చీ ఖాళీగా ఉంది.

ఆదివారం ఆమె వెళ్ళి ఇల్లుగలావిడకి అడ్వాన్సు సర్దుబాటు కాలేదని చెప్పింది. ఆవిడ అయ్యో అంది. సాయంత్రానికి ఆ రెండో వాళ్ళు ఇచ్చి వెళ్ళారు. అత్తగారికి గట్టిగా, చెవి దగ్గర నోరు పెట్టి, ఆ గదులు పోయాయి అని చెప్పాల్సి వచ్చింది. కొళాయి బాగుంది అంది ఆవిడ.

సోమవారం లాండ్రీలో అందరూ జంటలు జంటలుగా దుప్పట్లు పడుతున్నారు. పెద్దక్క రాలేదు. ఆవిడ ఆలస్యంగా రావడం ఎవరూ ఎరగరు. ఆమె అవతలి కొస పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. రావద్దని ఎవరూ అనుకుని ఉండరు, ఎవరి పని వాళ్ళకి ఉంది. ఆమె దిండుగలీబుల తొట్టి దగ్గరికి జరిగింది. గలీబు ఒక్క మనిషి మడవగలిగే పని. అవి అయిపోయాక ఒక దుప్పటి తీసి బల్ల మీద పరిచి, ఇటు తిరిగి ఒక కొస, అటు తిరిగి ఒక కొస లాగి మడిచింది. మడత వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ పెట్టింది.

పెద్దక్క పని సగమయ్యాక వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు, మెషీన్లనీ తిట్టలేదు. కొంగు నడుములో దోపుకుని, వచ్చి రోలరుకి అవతల నిలబడి, బయటికొస్తున్న దుప్పటి కొసలు రెండూ అందుకుంది. ఆమె వైపు చూసింది. ఆమె బల్ల దగ్గర పని వదిలేసి వచ్చి ఇవతలి కొసలు పట్టుకుంది.

"సొసైటీకెళ్ళొచ్చాను. నా కాయితం వెనక్కి తీసుకున్నాను," అంది పెద్దక్క, దులిపాక.

ఆమె దగ్గరికొచ్చి కొసలు అప్పగించింది.

"ఎవరైనా ఒకరు నిలబడండి అన్నాడా, అందరితో పాటు నేనూ తల దించుకున్నాను. నా పేరు అప్పటికే అందులో ఉంది. దించాల్సిన పనే లేదు నాకు. అయినా దించాను." పెద్దక్క గొంతు మామూలు కన్నా చాలా చిన్నగా ఉంది. "అదేంటో రెండ్రోజులుగా మింగుడు పడటం లేదు."

ఇంకో దుప్పటి వచ్చింది. ఇక తిరగరాయడానికి జామీను ఒక్కళ్ళు కూడా లేరు కాబట్టి ముందు అప్పు తీసుకున్నాయన పొదుపులోంచీ, తర్వాత ఆయన జీతంలోంచీ విరగ్గోస్తారట. అదంతా తేలాక డ్రైవరు పొదుపు వదులుతారట. ఎప్పటికి అని పెద్దక్క అడిగితే గుమాస్తా చెప్పలేనన్నాడట.

"కానీ వచ్చే వారం అనలేదు," అంది పెద్దక్క. "వంటాయనతో కూడా అనలేదు. లేదు, ఉన్నప్పుడు ఇస్తాను అన్నాడు. ఆయన కిటికీ దగ్గరే కూలబడ్డాడు పాపం. నిజం చెప్పినా కూలబడేవాళ్ళు కూలబడతారు."

ఇంకో రెండు దుప్పట్లు పట్టారు. నెలాఖరుకి సామాన్లు మా వరండాలో పడేసుకో, ముసలావిడకి ముందు గదిలో మంచం వేస్తాను, కొళాయి మాత్రం సన్నగా వస్తుంది, ముందే చెప్తున్నాను అంది పెద్దక్క, తిట్టినట్టుగా. ఆమె సరేనంది.

రోలరు ఇంకో దుప్పటిని బయటికి నెట్టింది. ఇద్దరూ అందుకున్నారు. ఆమె చెయ్యి చురుక్కుమంది. కొసలు వదిలేసింది. దుప్పటి సగం గచ్చు మీదికి జారింది.

"ఏమైంది?"

"కాలింది," అంది ఆమె. అరచేతులు చూసుకుంది. వేళ్ళ చివర్లు మండుతున్నాయి, కళ్ళు కూడా.

పెద్దక్క తన కొసలు వదలకుండా పట్టుకుని నిలబడింది. ఆమె వేళ్ళు ఊదుకుని, వంగి, జారిన కొసలు మళ్ళీ చేతుల్లోకి తీసుకుంది.